కారము కాదు, క్రిమి

పొన్నూరు ప్రాంతమున కడుపులో మంట అన్నవానికి మొదట వినవచ్చు మాట ఒక్కటే: "కారం మానెయ్యి." గుంటూరు మిరప ఘాటుకు పెట్టినది పేరు, నేరము దానిపై మోపుట తేలిక. వైద్యులును చిరకాలము ఆ మాటనే బలపరచిరి. రోగి తన నాలుకనే నిందించుకొనుచు పాలు, పెరుగన్నముతో కాలము గడపెడివాడు. అప్పటికిని పుండు మానకున్న శస్త్రచికిత్సయే శరణ్యము.

1979లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్ జీర్ణాశయపు పొరలలో మెలి తిరిగిన సూక్ష్మజీవులను చూచెను. అంతటి ఆమ్లమున ఏ జీవియు నిలువజాలదని నాటి నమ్మకము. 1982లో బారీ మార్షల్ వానిని ప్రయోగశాలలో పెంచెను. 1984లో తానే వానిని త్రాగి జబ్బుపడెను. నేడు హెలికోబాక్టర్ పైలోరీ అనుచున్నది దీనినే. వారిరువురకు 2005లో నోబెల్ బహుమానము లభించెను.

అయినను ఒక చిక్కు మిగిలెను. మన దేశమున ఈ క్రిమి అనేకుల కడుపులలో కలదు. పుండు పడునది కొందరికే. ఏల? సమాధానమును క్రిమి జన్యువులలో వెదకిరి. 1993లో 'కాగ్-ఏ' అను జన్యువు బయటపడెను. దాని చుట్టునున్న జన్యువుల గుంపు సూదివంటి సాధనమును నిర్మించి, ఒక మాంసకృత్తును మన కణములలోనికి ఎక్కించును. 'వాక్-ఏ' అను మరియొక జన్యువు విషమును తయారుచేయును. పాశ్చాత్య దేశములలో కాగ్-ఏ గల క్రిములే పుండ్లకు ఎక్కువ కారణమని తేలెను.

మన దేశమున కథ అంత సులువుగా లేదు. కలకత్తా పరిశోధకులు రోగులలోను, ఆరోగ్యవంతులలోను కూడ కాగ్-ఏను కనుగొనిరి. హైదరాబాదులో నియాజ్ అహమ్మద్, హబీబుల్లా ప్రభృతులు 2004లో వివిధ జనసమూహముల రోగుల క్రిములను పరీక్షింపగా, పెక్కింటిలో ఆ జన్యువుల గుంపు ఛిన్నాభిన్నమై కనిపించెను. అనగా ఒక్క జన్యువును చూచి తీర్పు చెప్పరాదు. రోగి దేహతత్త్వము, పొగాకు కూడ లెక్కలోనివే. నొప్పి మాత్రలైతే క్రిమి లేకున్నను పుండు కలిగింపగలవు.

ఇక మిరపకాయ సంగతి. 1995లో సింగపూరు వైద్యులు విచారింపగా, పుండు లేనివారే మిరపకాయ ఎక్కువ తినెడివారని తేలెను. అంతమాత్రమున అది ఔషధము కాదు. ఉన్న మంటను హెచ్చింపవచ్చును గాని పుండును పుట్టించునది మాత్రము కాదు.

కావున కడుపుమంట వీడనివారు పచ్చడి జాడీని దూరముగా నెట్టి ఊరకుండరాదు. క్రిమి ఉన్నదో లేదో పరీక్ష చేయించుకొని, వైద్యుడిచ్చిన మందులను గడువు తీరువరకు వాడవలెను. మంట తగ్గినదని నడుమ మానినచో క్రిమి మిగిలిపోవును. పుండు మరల తలయెత్తును.