దద్దుర్ల వైద్యంలో పనిచేసే మనిషి

ఒంటిమీద ఉన్నట్టుండి ఎర్రగా ఉబ్బి, విపరీతంగా దురద పెట్టి, కొన్ని గంటల్లో మచ్చయినా మిగల్చకుండా పోయే దద్దుర్లు జీవితంలో ఎప్పుడో ఒకసారి చాలామందికి వస్తాయి. అవే ఆరు వారాలు దాటినా వస్తూ పోతూ ఉంటే వైద్యులు వాటిని దీర్ఘకాలిక దద్దుర్లు అంటారు. ఈ జబ్బు ఎక్కువగా మొదలయ్యేది ఇరవై, నలభై ఏళ్ల మధ్య వయసులో, అంటే ఉద్యోగమూ సంసారమూ రెండూ నెత్తిన ఉన్న కాలంలో. అందునా మగవారికంటే ఆడవారిలో ఇది సుమారు రెండింతలు కనిపిస్తుంది. కనుక దీని చికిత్సాచరిత్రను దురద ఎంత తగ్గిందన్న లెక్కతోనే కాక, మందు వేసుకున్న మనిషి మర్నాడు పని చేసుకోగలిగాడా అన్న లెక్కతో కూడా చదవవలసి ఉంది.

ఈ బాధ మన వైద్యానికి కొత్తది కాదు. సుమారు క్రీ.శ. 7–8 శతాబ్దాల నాటి మాధవనిదానం శీతపిత్తం, ఉదర్దం, కోఠం అనే వాటిని ఒకే అధ్యాయంలో వివరిస్తూ, చల్లగాలి సోకినప్పుడు కఫవాతాలు ప్రకోపించి పిత్తంతో కలిసి వ్యాపిస్తాయనీ, కందిరీగ కుట్టినట్టు ఒళ్లు ఉబ్బుతుందనీ చెప్పింది. పదేపదే తిరగబెట్టే రకానికి ఉత్కోఠమని వేరే పేరు ఉంది. పసుపు ప్రధానంగా చేసే హరిద్రాఖండాన్ని ఆయుర్వేద వైద్యులు శీతపిత్తానికి నేటికీ ఇస్తున్నారు. దోషాల సిద్ధాంతాన్ని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, చలి తగిలితే దద్దుర్లు లేచేవారు ఉన్నారన్న ఆ పరిశీలన మాత్రం నిజమేనని ఆధునిక వైద్యం కూడా అంగీకరిస్తుంది.

పనితో ఈ జబ్బుకున్న సంబంధం బాగా బయటపడేది ఒత్తిడి దద్దుర్లలో. బరువు గానీ బిగువు గానీ పడిన చోట వెంటనే ఏమీ కనిపించక, నాలుగైదు గంటలు గడిచాక లోతుగా వాచి, దురదకంటే నొప్పి ఎక్కువగా పెట్టడం దీని లక్షణం. పొద్దంతా సుత్తి పట్టిన అరచేయి రాత్రికి ముడవడానికి రాదు. నిచ్చెన మెట్ల మీద నిలబడిన అరికాలు, సంచి పట్టీ వేలాడిన భుజం, బెల్టు బిగిసిన నడుము కూడా అంతే. పనికీ వాపుకూ నడుమ అన్ని గంటల ఎడం ఉండడంతో, చేసిన పనే దీనికి కారణమని రోగికి గానీ పనిలో పెట్టుకున్నవారికి గానీ తట్టకపోవచ్చు. ఒళ్లు వేడెక్కి చెమట పట్టినప్పుడు ఆవగింజలంత చిన్న పొక్కుల్లా లేచే మరో రకాన్ని అమెరికన్ వైద్యుడు డ్యూక్ 1924లో వివరించాడు. పొయ్యి ముందో బట్టీ దగ్గరో నిలబడక తప్పని వారికి ఇది ఏడాది పొడుగునా ఉండే బాధ.

ఒంట్లో జరిగేదేమిటో తేలడానికి మాత్రం చాలా కాలం పట్టింది. జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ 1878లో అనిలిన్ రంగులు ఎక్కించి చూస్తూ, లోపల రేణువులు కిక్కిరిసిన ఒక రకం కణాలను గుర్తించి వాటికి మాస్ట్ కణాలని పేరు పెట్టాడు. బ్రిటన్‌లో హెన్రీ డేల్ బృందం 1910 నుంచి హిస్టమిన్ అనే పదార్థం రక్తనాళాలను ఎలా వదులు చేస్తుందో పరిశీలించింది. మాస్ట్ కణాల్లో దాగి ఉండేది ఆ హిస్టమినేనని 1950ల తొలి ఏళ్లలో రైలీ, వెస్ట్‌లు చూపారు. ఈలోగా 1937లో ప్యారిస్‌లోని పాశ్చర్ సంస్థలో డానియల్ బోవే, ఆన్-మరీ స్టాబ్ హిస్టమిన్‌ను అడ్డుకునే తొలి రసాయనాన్ని కనుగొన్నారు, దానినే యాంటీహిస్టమిన్ అంటారు. బోవేకు 1957లో నోబెల్ బహుమతి వచ్చింది.

1946లో అమెరికాలో డైఫెన్‌హైడ్రమిన్ మందుల దుకాణాలకు చేరడంతో, దద్దుర్లకు నమ్మదగిన మాత్ర దొరికినట్టయింది. అయితే ఈ తొలితరం మందులు రక్తం నుంచి మెదడులోకి సులువుగా చేరి, మనిషిని మెలకువగా ఉంచే హిస్టమిన్‌ను అక్కడ కూడా అడ్డుకుంటాయి కాబట్టి, దురదతోపాటు చురుకుదనం కూడా పోయేది. మాత్ర వేసుకోకపోతే రాత్రి నిద్ర లేదు, వేసుకుంటే పగలు మెలకువ లేదు. లారీ నడిపేవారు, యంత్రం ముందు నిలబడేవారు, రాత్రి షిఫ్టులో రోగులను చూసుకునే నర్సులు ఈ రెంటిలో ఒకదానిని ఎంచుకోవలసి వచ్చింది. అయోవా విశ్వవిద్యాలయంలో నలభై మందిని డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టి చేసి, 2000లో ప్రచురించిన ప్రయోగంలో డైఫెన్‌హైడ్రమిన్ వేసుకున్నవారు మద్యం తాగినప్పటికంటే అధ్వానంగా బండి నడిపారు. అంతకంటే భయపెట్టే విషయం ఏమిటంటే, మత్తుగా ఉందని వారు చెప్పినదానికీ వారి చేతి పట్టు తప్పినదానికీ పొంతన కుదరలేదు. అంటే తనకేమీ కాలేదని అనుకునే మనిషి మాటను నమ్మడానికి వీల్లేదు.

మందు ఇలా ఉంటే, నింద మరోలా ఉండేది. 1950ల ప్రాంతంలో అమెరికన్ పరిశోధకులు కొందరు, తనకు అన్యాయం జరుగుతోందని భావించే మనిషికి దద్దుర్లు లేస్తాయని రాశారు. మానసిక ఒత్తిడి ఈ జబ్బును పెంచవచ్చు గానీ, ఆ ఒక్క కారణానికే దాన్ని కుదించడం రోగులకు చేసిన అన్యాయం. 1993లో హిడే, గ్రీవ్స్ తదితరులు కొందరు రోగుల రక్తంలో, మాస్ట్ కణాల మీది గ్రాహకాన్నే పట్టుకుని హిస్టమిన్‌ను బయటికి తోడించే ప్రతిరక్షకాలను చూపడంతో, ఇది చాలామందిలో శరీర రక్షణవ్యవస్థ తనమీద తానే తిరగబడే జబ్బన్న అవగాహన బలపడింది.

మెదడులోకి అంతగా చేరని రెండోతరం మందుల్లో మొదటిదైన టెర్ఫెనడిన్‌కు అమెరికాలో 1985లో అనుమతి వచ్చింది గానీ, కొన్ని మందులతో కలిసినప్పుడు గుండె లయను దెబ్బతీస్తుందని తేలి 1997–98లో అక్కడ తొలగిపోయింది. సిట్రిజిన్, లొరాటడిన్, ఫెక్సోఫెనడిన్ నిలిచాయి. సిట్రిజిన్ వల్ల ఇప్పటికీ కొందరికి మగత వస్తుంది. మామూలు మోతాదు చాలకపోతే వైద్యుని పర్యవేక్షణలో నాలుగింతల వరకు పెంచవచ్చని 2009 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సూచించాయి. వీటికీ లొంగని వారికోసం నాలుగు వారాలకొకసారి ఇచ్చే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ 2014లో ఐరోపా, అమెరికాల్లో ఆమోదం పొందింది.

1997లో ఓడొన్నెల్ బృందం బ్రిటన్‌లో ఈ రోగుల దైనందిన జీవితాన్ని కొలిచి, గుండె రక్తనాళాల జబ్బు ఉన్నవారితో పోల్చదగినంత ఇబ్బందిని వీరు పడుతున్నారని తేల్చింది. ఆఫీసులకు మాత్రం ఆ సంగతి ఇంకా చేరలేదు. మన దేశంలో 1948 నాటి చట్టంతో ఏర్పడిన ఈఎస్ఐ, జబ్బుపడిన కార్మికునికి ఏడాదికి 91 రోజుల వరకు వేతనంలో 70 శాతం చెల్లిస్తుంది. ఆ లెక్క నడిచేది రోజుల్లో, దద్దుర్లు వచ్చిపోయేది గంటల్లో. ఉదయం ముఖం వాచిన మనిషి మధ్యాహ్నం డాక్టరు ఎదుట కూర్చునేసరికి చూపడానికి ఏమీ మిగలదు. అందుకే వాపు ఉన్నప్పుడే ఫోన్‌లో ఫొటో తీసుకొమ్మని వైద్యులు చెబుతారు. ఆ ఫొటోను యజమానులు కూడా సాక్ష్యంగా స్వీకరించాలి; మందు రాసేవారు కలం పట్టేముందు, రోగి ఏ పని చేస్తారో, ఏ షిఫ్టులో చేస్తారో తప్పక అడగాలి.