తుక్కులోంచి ఏరిన మోటార్లు: ఇంటి కార్ఖానాల సీఎన్‌సీ చరిత్రలో ఒక అధ్యాయం

అంకెల రూపంలో అందే ఆజ్ఞలను బట్టి లోహాన్ని చెక్కే యంత్రం 1952లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో తొలిసారి ప్రదర్శనకు నిలిచింది. హెలికాప్టర్ రెక్కల తయారీలో ఎదురైన చిక్కుల నుంచి జాన్ పార్సన్స్ రూపొందించుకున్న ఆలోచన, అమెరికా వైమానిక దళం ఇచ్చిన డబ్బుతో ఆ సంస్థ ప్రయోగశాలలో యంత్రరూపం దాల్చింది. రంధ్రాలు పొడిచిన కాగితపు పట్టీని చదివి పనిచేసిన ఆ మిల్లింగ్ మిషను కంటే దాన్ని నడిపించిన వాక్యూమ్ ట్యూబుల బీరువాయే ఎక్కువ చోటు ఆక్రమించింది. తర్వాతి దశాబ్దాల్లో సీఎన్‌సీ, అంటే కంప్యూటరు అదుపులో నడిచే యంత్ర పరికరం, విమాన కర్మాగారాల, కార్ల కర్మాగారాల సొత్తయిందే తప్ప, ఇంటి వెనక గదిలో చిన్న లేతు మిషను పెట్టుకుని పనిచేసే అభిరుచిదారులకు దాని ధర అందలేదు. వారికి ఆ దారి తెరిచింది పాత సామాన్ల అంగళ్ళలో దొరికిన మోటార్లు. ఏ మోటారు పనికొస్తుందో, ఏది రాదో తేల్చుకునే క్రమంలో వారు సంపాదించిన విద్యే ఈ అభిరుచికి పునాది అయింది.

యంత్రపు బల్లను కదిలించే మోటారు అడిగినంత మేరకే తిరిగి, అడిగిన చోట ఆగాలి. ఆ గుణం పుట్టుకతోనే ఉన్నది స్టెప్పర్ మోటారు. విద్యుత్తు ఒక చుట్ట నుంచి మరో చుట్టకు మారిన ప్రతిసారీ దాని ఇరుసు ఒక నిర్ణీత కోణం మేర, అంటే ఒక అడుగు, మాత్రమే జరుగుతుంది. ఇందులో ఎక్కువగా వాడుకలోకి వచ్చిన రకానికి మూలమైన నిర్మాణంపై జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన ఫైయర్‌టాగ్, డోనహోలకు అదే 1952లో పేటెంటు లభించింది. అయితే వారు ఉద్దేశించింది అడుగులు వేసే మోటారును కాదు, పళ్ళచక్రాల సాయం లేకుండానే నెమ్మదిగా తిరిగే మోటారును. కనెక్టికట్ రాష్ట్రంలోని సుపీరియర్ ఎలక్ట్రిక్ సంస్థ స్లో-సిన్ పేరుతో అమ్మిన ఇటువంటి మోటారు అమెరికాలోని 60 హెర్ట్‌జ్ విద్యుత్తు మీద నిమిషానికి 72 చుట్లు తిరుగుతుంది. భారతదేశంలోని 50 హెర్ట్‌జ్ మీద అదే మోటారు 60 చుట్లే తిరుగుతుంది. దానిలో తిరిగే భాగమైన రోటారు అంచున 50 పళ్ళు ఉండటం, విద్యుత్తు ఒక ఆవృత్తి పూర్తిచేసేలోగా రోటారు ఒక పన్ను మేర నాలుగు అడుగుల్లో జరగడం వల్ల చుట్టుకు 200 అడుగులు, అడుగుకు 1.8 డిగ్రీలు అనే లెక్క స్థిరపడి, నేటికీ మారకుండా నిలిచింది.

ఈ మోటార్లను వేల సంఖ్యలో తుక్కులోకి చేర్చింది కంప్యూటరు పరిశ్రమ. 1970లు, 80లలో ఆఫీసుల్లోకి వచ్చిన ఫ్లాపీ డ్రైవులు, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు, ఫొటోకాపీ యంత్రాలు కొన్నేళ్ళకే పాతబడి బయటపడగా, వాటిని కొని విడగొట్టి అమ్మే మిగులు సరకు దుకాణాలు అభిరుచిదారులకు ప్రధాన వనరులయ్యాయి. కాలిఫోర్నియాలోని సనీవేల్‌లో వియర్డ్‌స్టఫ్ గిడ్డంగి, వాషింగ్టన్ రాష్ట్రంలోని కెంట్‌లో బోయింగ్ విమాన సంస్థ నడిపిన మిగులు సరకు దుకాణం ఇటువంటివాటిలో పేరొందినవి.

దొరికినదల్లా పనికిరాదని ఏరేవారికి త్వరలోనే తెలిసివచ్చింది. ప్రింటరులో కాగితాన్ని జరిపే రేకు డబ్బీ మోటార్లు చాలావరకు చుట్టుకు 48 అడుగులే వేస్తాయి. మూడున్నర అంగుళాల ఫ్లాపీ డ్రైవులోని చిన్న మోటారు 20 అడుగులే వేస్తుంది. చుట్టుకు 5 మిల్లీమీటర్లు జరిపే మరకడ్డీకి 200 అడుగుల మోటారును తగిలిస్తే బల్ల అడుగుకు 0.025 మిల్లీమీటర్లు జరుగుతుంది. 48 అడుగుల మోటారుతో ఆ దూరం 0.1 మిల్లీమీటరు దాటిపోయి, లోహపు పనిలో ఖచ్చితత్వాన్ని దెబ్బతీస్తుంది. అందువల్ల పెద్ద ప్రింటర్లలోనూ ఫొటోకాపీ యంత్రాలలోనూ దొరికే, ముఖం 2.3 అంగుళాల చదరంగా ఉండే నీమా 23 కొలత మోటార్లకు గిరాకీ ఏర్పడింది.

తుక్కులో దొరికిన మోటారు మీద వివరాల చీటీ చాలాసార్లు ఉండదు, ఉన్నా అందులో తయారీదారు సొంత సంకేతాలే తప్ప విలువలు కనిపించవు. కాబట్టి మల్టీమీటరుతో తీగలను పరీక్షించి మోటారు స్వరూపాన్ని రాబట్టే పద్ధతి ఏర్పడింది. నాలుగు తీగలుంటే రెండు విడి చుట్టలని, ఆరుంటే ప్రతి చుట్టకూ నడుమ నుంచి మరో తీగ తీశారని, రెండు కొసల మధ్య నిరోధం కొసకూ నడిమికీ మధ్య ఉన్నదానికి రెట్టింపుగా ఉంటుందని గ్రహించి, దాన్ని బట్టి జతలను గుర్తుపట్టేవారు. లోపల ఏముందో చూద్దామని రోటారును బయటికి లాగితే, మోటారును బిగించిన తర్వాత ఎక్కించిన అయస్కాంత శక్తిలో కొంత శాశ్వతంగా పోయి, దాని తిప్పుడు బలం తగ్గిపోతుందన్నది ఈ విద్యలో మొదటి హెచ్చరిక.

అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైనది ఇండక్టెన్స్ ప్రాధాన్యం. చుట్టలో విద్యుత్ ప్రవాహం మారకుండా అడ్డుపడే ఈ గుణం ఎక్కువగా ఉన్న మోటారు, నిలిచి ఉన్నప్పుడు ఎంత గట్టిగా పట్టుకున్నా, వేగం పెరిగేకొద్దీ చుట్టలు నిండే వ్యవధి చాలక బలహీనపడి అడుగులు తప్పుతుంది. మోటారు నడిపే పరికరాలను, అంటే డ్రైవర్లను, తయారుచేసిన గెకోడ్రైవ్ సంస్థ ఇంజనీరు మారిస్ ఫ్రైమానిస్ ఇందుకు ఒక సులువైన సూత్రాన్ని ప్రచారంలోకి తెచ్చాడు: మిల్లీహెన్రీలలో ఇండక్టెన్స్‌కు వర్గమూలం తీసి 32తో గుణిస్తే మోటారుకు ఇవ్వదగిన గరిష్ఠ వోల్టేజీ వస్తుంది. ఈ లెక్కన 4 మిల్లీహెన్రీల మోటారుకు 64 వోల్టులు చాలుతాయి. 30 మిల్లీహెన్రీల మోటారు దాదాపు 175 వోల్టులు కోరుతుంది. సాధారణ డ్రైవరు 80 వోల్టులకు మించి ఇవ్వలేదు కనుక, చూపుకు ఎంత దిట్టంగా ఉన్నా ఆ రెండో మోటారును పక్కన పెట్టవలసిందే.

స్టెప్పర్‌తో తృప్తి చెందనివారు డీసీ సర్వో మోటార్ల వైపు మళ్ళారు. ఇరుసు ఎంత తిరిగిందో ఎప్పటికప్పుడు లెక్కచెప్పే ఎన్‌కోడర్ జోడించిన మోటారును సర్వో అంటారు. పెద్ద కంప్యూటర్ల టేపు యంత్రాలలో దొరికిన మోటార్లు క్షణంలో కదిలి క్షణంలో ఆగగలిగేవి; అయితే ఆ చురుకుదనం కోసమే రోటారును తేలికగా చేసినందువల్ల, వాటిలో కొన్ని ఎడతెగని కోత భారం కింద త్వరగా వేడెక్కేవి. కోత పరికరాన్ని తిప్పే స్పిండిల్‌కు ట్రెడ్‌మిల్ మోటారు వాడుకలోకి వచ్చింది. దాని చీటీ మీది హార్స్‌పవరు గరిష్ఠ వేగం దగ్గర మాత్రమే వర్తిస్తుందని, ఫ్లైవీల్‌కు తరచూ ఎడమ మర ఉంటుంది కనుక తిప్పే దిశ మార్చితే అది ఊడివచ్చే ప్రమాదముందని, చల్లబరిచే గాలి వెంట లోహపు పొట్టు లోపలికి పోతుందని తెలిసినవారే దాన్ని క్షేమంగా వాడగలిగారు.

ఈ మోటార్లకు ఆజ్ఞలిచ్చే కంప్యూటరు కూడా చాలాసార్లు పాతదే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 1990లలో రూపొందించిన ఈఎంసీ అనే నియంత్రణ సాఫ్ట్‌వేరు అందరికీ ఉచితంగా అందడంతో, అది తర్వాత లినక్స్‌సీఎన్‌సీగా ఎదగడంతో, ప్రింటరు తగిలించే పోర్టు ద్వారానే అడుగుల సంకేతాలు పంపడం సాధ్యమైంది.

కాలక్రమంలో ఈ వనరు రెండు వైపుల నుంచీ సన్నగిల్లింది. ఇంక్‌జెట్ ప్రింటర్లలో స్టెప్పర్ స్థానాన్ని చాలాచోట్ల చవక డీసీ మోటారు, స్థానాన్ని తెలిపే గీతల ప్లాస్టిక్ పట్టీ ఆక్రమించడంతో తుక్కులో పనికొచ్చే మోటార్లు తగ్గాయి. మరోవైపు, బ్రిటన్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ బోయర్ 2005లో ప్రారంభించిన రెప్‌రాప్ పథకం నుంచి ఇంటి త్రీడీ ప్రింటర్లు వ్యాపించడంతో కొత్త స్టెప్పర్లే చవకగా దొరకసాగాయి. బోయింగ్ దుకాణం 2007లోనూ, వియర్డ్‌స్టఫ్ 2018లోనూ మూతపడ్డాయి.

అయినా ఆ తరం నేర్చిన పాఠానికి కాలం చెల్లలేదు. వివరాల చీటీ లేని మోటారును చేతబట్టి, అది ఏ యంత్రంలో ఏ భారాన్ని ఎంతసేపు మోసిందో ఊహించి, తన యంత్రం అంతకు మించి అడుగుతుందా అని లెక్కవేసినవారు, మోటారు మంచిచెడ్డలు అది చేయవలసిన పనిని బట్టే తేలతాయని అనుభవంతో స్థిరపరిచారు. వారు మీటరుతో రాబట్టిన నిరోధం, ఇండక్టెన్స్, అడుగుల సంఖ్య నేడు కొత్త మోటారు పత్రంలో అచ్చై వస్తున్నాయి. వాటిలో దేన్ని ఎందుకు చూడాలో కొనుగోలుదారుకు నేర్పినందుకు, తుక్కు ఏరిన ఆ పనివారు యంత్ర పరికరాల చరిత్రలో గౌరవప్రదమైన స్థానానికి అర్హులు.