మందునకు ముహూర్తము

శస్త్రచికిత్స యనగానే మనకు కత్తి జ్ఞప్తికి వచ్చును. కాని కత్తి తగులుటకు ముందే రోగి దేహము ఎదుర్కొనవలసిన పరీక్ష యొకటి కలదు. పెద్ద ఆపరేషనులలో రోగికి మత్తు ఇచ్చిన పిమ్మట, ఊపిరి నిరాటంకముగా సాగుటకై నోటి గుండా శ్వాసనాళములోనికి ఒక గొట్టమును దింపుదురు. నిపుణుని చేతిలో ఆ పని ఒక నిమిషము లోపుననే ముగియును. రోగికి అది తెలియదు. కాని అతని గుండెకు తెలియును. నాడి వడిగా కొట్టుకొనును. రక్తపుపోటు ఒక్కసారిగా పైకెగయును. ఆరోగ్యవంతునికి ఇది కొద్ది నిమిషములలో సర్దుకొనును. గుండెజబ్బు గలవారికి, మెదడులో రక్తనాళము ఉబ్బి పలుచబడి యున్నవారికి ఆ కొద్ది నిమిషములే ప్రాణాపాయము తేవచ్చును.

ఈ పొంగును అణచుటకు వైద్యులు నల్లమందు జాతి ఔషధములను ముందుగా ఇత్తురు. ఎంత ఇవ్వవలెనను ప్రశ్న పాతది. ఎంత ముందుగా ఇవ్వవలెనను ప్రశ్నకు సరియైన సమాధానము మాత్రము మిక్కిలి ఆలస్యముగా దొరకినది. ఆ చరిత్రయే ఈ ప్రసంగమునకు విషయము.

నల్లమందు నొప్పిని చంపునని ప్రాచీనులెరుగుదురు. 1805 ప్రాంతమున సెర్ట్యూర్నర్ అను జర్మను యువకుడు, మందులు కూర్చుట వృత్తిగా గలవాడు, దాని సారమును వేరుచేసి, గ్రీకుల స్వప్నదేవతయైన మార్ఫియస్ పేరు మీదుగా దానికి పేరిడెను. అదే మార్ఫీన్. 1846లో బోస్టను నగరమున ఈథరుతోను, 1847లో ఎడింబరోలో క్లోరోఫారముతోను మత్తుయుగము ప్రారంభమైనది. 1853లో ఎడింబరో వైద్యుడే యగు అలెగ్జాండర్ వుడ్ బోలుసూదితో మార్ఫీనును చర్మము క్రిందికి ఎక్కించెను. మార్ఫీను ముందుగా ఇచ్చినచో తక్కువ క్లోరోఫారముతోనే పని జరుగునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ 1860 దశాబ్దిలో గమనించెను. నాటినుండి ఆపరేషనుకు సుమారు గంట ముందు మార్ఫీను సూది వేయుట క్రమముగా ఆసుపత్రుల వాడుక యైనది. ఆ గంటకు ఆధారము అనుభవమే.

ఇక గొట్టము కథ. 1878లో గ్లాస్గో నగరమున మెకీవెన్ అను శస్త్రవైద్యుడు నాలుక మొదట పుండు గల రోగికి, అతడు మెలకువగా నుండగనే, వ్రేళ్ల ఆసరాతో నోటి గుండా శ్వాసనాళమునకు గొట్టము దింపి, ఆ పిమ్మట దానిగుండా క్లోరోఫారము ఇచ్చెను. 1895లో బెర్లినులో కిర్‌స్టైన్ స్వరపేటికను నేరుగా చూచుటకు సాధనము కల్పించెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము ముఖములు ఛిద్రమైన సైనికులకు చికిత్స చేయుచు ఇంగ్లండులో మెగిల్, రోబోతమ్ అను వైద్యులు ఈ విద్యకు మెరుగు పెట్టిరి.

మత్తు పలుచగా నున్నప్పుడు గుండెకు కలుగు ప్రమాదమును గూర్చిన చర్చలో మన హైదరాబాదునకును ఒక స్థానము కలదు. క్లోరోఫారము చంపునది ఊపిరి ఆపియా, గుండె ఆపియా యను వివాదము తీర్చుటకు, 1888లోను 1889లోను, ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ధనసహాయముతో, వైద్యుడు ఎడ్వర్డ్ లారీ పూనికతో అచట రెండు సంఘములు పరిశోధన జరిపినవి. రెండవ సంఘమునకు లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చెను. ఊపిరిని కనిపెట్టి యుండిన చాలునని వారు తేల్చిరి. కాని 1911లో లండను వైద్యుడు గుడ్‌మన్ లీవీ పిల్లులపై ప్రయోగములు చేసి, క్లోరోఫారము మత్తు పలుచగా నున్నవేళ అడ్రినలిన్ రక్తములో చేరినచో గుండె లయ తప్పి అల్లాడి ఆగిపోవునని నిరూపించెను. మత్తు తక్కువైనంత మాత్రమున క్షేమము ఎక్కువ కాదని దీనివలన తేలినది.

1942లో మాంట్రియలు నగరమున గ్రిఫిత్, జాన్సన్ అను వైద్యులు కండరములను సడలించు కురారే మందును ఆపరేషను గదిలోనికి తెచ్చిరి. అంతకుపూర్వము గొట్టము దింపవలెనన్న రోగిని గాఢమైన మత్తులో ముంచవలసి యుండెను. ఇప్పుడు పలుచని మత్తులోనే గొంతు సడలి దారి యిచ్చెను. దేహము కదలలేదు, కాని లోపల నరములు ఊరకుండలేదు. గొంతును, స్వరపేటికను కాపలా కాయు నరములు మెదడునకు హెచ్చరిక పంపగా, అడ్రినలిన్ వంటి ద్రవ్యములు వెలువడి గుండెను పరుగెత్తించును. 1951లో అమెరికాలో కింగ్, అతని సహచరులు ఈ మార్పును కొలిచి ప్రకటించిరి.

1960లో బెల్జియములో పాల్ జాన్సెన్ ఫెంటనిల్ అను మందును కల్పించెను. అది మార్ఫీనుకంటె సుమారు నూరురెట్లు బలము గలది. క్రొవ్వులో సులభముగా కరగునది గనుక మెదడును శీఘ్రముగా చేరును. అయినను శీఘ్రము వేరు, తత్క్షణము వేరు. సూది నరములోనికి దిగగానే మందు రక్తములో నిండును. కాని నొప్పిని అణచు స్థానము రక్తము కాదు, మెదడు. 1985లో స్టాన్‌ఫర్డులో స్కాట్, స్టాన్‌స్కీ ప్రభృతులు మెదడు విద్యుత్తరంగములను పరిశీలించి ఈ జాప్యమును లెక్కించిరి. రక్తమునకును మెదడునకును గల అంతరము సగమునకు తగ్గుటకు ఫెంటనిల్ విషయమున 6 నిమిషములకు పైగా పట్టగా, ఆల్ఫెంటనిల్ అను మరొక మందునకు ఒక నిమిషమునకు కొంచెము పైగా మాత్రమే పట్టినది.

1998లో కొరియా వైద్యులు కొందరు దీనిని సూటిగా పరీక్షించిరి. దేహపు బరువు కిలోకు 2 మైక్రోగ్రాముల ఫెంటనిలును కొందరు రోగులకు గొట్టము దింపుటకు 1 నిమిషము ముందు, కొందరికి 3, కొందరికి 5, కొందరికి 10 నిమిషముల ముందు ఇచ్చిరి. మందు అదే, మోతాదు అదే. ఫలము మాత్రము వేరు. 5 నిమిషముల ముందు ఇచ్చినదే మేలైనదిగా తేలినది.

వేళ తప్పినచో నష్టము రెండు విధములు. ఆలస్యముగా ఇచ్చిన మందు పొంగును ఆపలేదు. పొంగు చల్లారిన పిమ్మట తీరికగా పనిచేసి, అప్పుడు రక్తపుపోటును మరింత దిగలాగును. తగిన ఏర్పాటు లేక మరీ ముందుగా ఇచ్చినచో, గొట్టము సిద్ధము కాకముందే ఊపిరి మందగించును. అందుచేత ప్రాణవాయువు అందించుచు, రోగిని కనిపెట్టుచు ఇత్తురు. వృద్ధులకు మోతాదు తగ్గింతురు. కడుపు నిండి యుండగా అత్యవసరముగా మత్తు ఇయ్యవలసిన వారి విషయమున ఐదు నిమిషముల అవకాశము ఉండకపోవచ్చును. అట్టి సమయమున, నల్లమందు జాతి మందు అవసరమైనచో, ఆల్ఫెంటనిల్, 1990 దశాబ్దిలో వచ్చిన రెమిఫెంటనిల్ వంటి చురుకైన మందులను ఎంచుకొనుట కలదు.

పెండ్లిలో జీలకర్ర, బెల్లము సిద్ధముగా నున్నను ముహూర్తము వచ్చువరకు పురోహితుడు ఆగును. ఆపరేషను గది తలుపులు మూసిన పిదప వెలుపల కూర్చున్న బంధువులకు ప్రతి నిమిషము యుగముగా తోచును. లోపల సూదిమందు ఇచ్చి, గడియారము వంక చూచుచు నిలిచిన వైద్యుడు జాగు చేయుట లేదు. మందు రక్తమునుండి మెదడునకు చేరు ఆ కొద్దిపాటి ప్రయాణము ముగియువరకు రోగి గుండెకు కావలి కాయుచున్నాడు.