సమాచార భద్రతలో పీజీ చదువు

కంప్యూటర్, సమాచార భద్రతను ప్రత్యేక పీజీ కోర్సుగా చెప్పడం మొదలై మూడు దశాబ్దాలు దాటింది. అంతకుముందు పరిశోధన లేదని కాదు. డొరొతీ డెనింగ్ 1975లోనే పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో ఈ విషయం మీద పీహెచ్‌డీ చేశారు. లేనిదల్లా కోర్సే.

దాని అవసరం ఏమిటో 1988 నవంబరు 2 రాత్రి తెలిసొచ్చింది. కార్నెల్ విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఇంటర్నెట్‌లోకి వదిలిన, తనంతట తానే పాకే ‘వర్మ్’ అనే ప్రోగ్రాం వేల కంప్యూటర్లను మొరాయింపజేసింది. అది దూరిన కంతల్లో ఒకటి ‘ఫింగర్’ అనే చిన్న ప్రోగ్రాం. అందులో 512 బైట్లు పట్టే చోట వర్మ్ 536 బైట్లు కుమ్మరించింది. సోల నిండాక ఒలికిన బియ్యమైతే నేలపాలవుతాయి, అంతే. ఇక్కడ పొర్లిన 24 బైట్లు మాత్రం ప్రోగ్రాం తర్వాత ఎటు వెళ్లాలో చెప్పే చిరునామాను చెరిపేసి, వర్మ్ చూపిన చోటికి మళ్లించాయి. ఆ వర్మ్‌ను విప్పి చూసి వివరంగా రాసినవారిలో పర్‌డ్యూ ఆచార్యుడు జీన్ స్పాఫర్డ్ ఒకరు. 1992లో అక్కడ వెలసిన ‘కోస్ట్’ ప్రయోగశాల ఆయన చొరవే. 1998లో అదే ‘సీరియస్’ అనే పెద్ద కేంద్రమైంది.

తొలి ఎమ్మెస్సీ మాత్రం 1992లో ఇంగ్లండులోని రాయల్ హాలొవేలో మొదలైంది. మాత్రలు, లేపనాలు అమ్మి కోట్లు గడించిన థామస్ హాలొవే, ఆడపిల్లల చదువు కోసం కట్టించిన కాలేజీ అది. ‘డా విన్సీ కోడ్’ నవలలో నాయిక సోఫీ గూఢలిపి చదివింది కూడా ఇక్కడే! కోర్సు వెనక ఉన్నది ఫ్రెడ్ పైపర్ అనే గణితాచార్యుడు. అయినా దాన్ని గణితానికే వదిలెయ్యలేదు. తాళం చెయ్యడం ఒక విద్య, తాళంచెవి ఎవరి దగ్గరుండాలో తేల్చడం మరో విద్య. గూఢలిపి (క్రిప్టోగ్రఫీ) పక్కనే భద్రతా నిర్వహణనూ పాఠంగా పెట్టడమే ఆ కోర్సు గొప్ప.

అమెరికా ప్రభుత్వం మరో దారి పట్టింది. స్కాలర్‌షిప్ ఇచ్చి చదివిస్తుంది, చదువయ్యాక కొన్నేళ్లు ప్రభుత్వ కొలువు చెయ్యాలి.

మన దగ్గర కేంద్రం 2005లో సమాచార భద్రతా విద్య, అవగాహన పథకం చేపట్టింది. వరంగల్ నిట్‌లోనూ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ ‘కంప్యూటర్ సైన్స్ అండ్ ఇన్ఫర్మేషన్ సెక్యూరిటీ’ పేరుతో ఎం.టెక్. ఉంది. హ్యాకింగ్ నేర్పుతారని ఉబలాటపడి చేరేవారికి ముందుగా ఎదురయ్యేవి గూఢలిపికి ఆధారమైన ప్రధాన సంఖ్యలు, శేషాల లెక్కలు. వరంగల్‌లో సీటు కావాలంటే ముందు గేట్ ప్రవేశ పరీక్ష రాయాలి.