ఉపహార్ 1997: ‘జనం భయపడ్డారు’ అని రాసే ముందు తలుపుల సంగతి చూడండి

జీఎస్ పేపర్-3లో విపత్తు నిర్వహణ ప్రశ్న రాగానే మనలో చాలామంది రాసే వాక్యం ఒకటుంది: ‘ప్రజలు భయాందోళనతో పరుగులు తీయడంతో ప్రాణనష్టం పెరిగింది.’ నేనూ అలాగే రాసేవాణ్ణి. ఉపహార్ కేసు చదివాక మానేశాను.

1997 జూన్ 13, శుక్రవారం. దక్షిణ ఢిల్లీ గ్రీన్‌పార్క్‌లోని ఉపహార్ హాల్లో ‘బోర్డర్’ మ్యాట్నీ నడుస్తోంది. గ్రౌండ్ ఫ్లోర్‌లోని ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆ ఉదయమే ఒకసారి మంటలొచ్చాయి. మరమ్మతు చేసి మళ్లీ సరఫరా ఇచ్చారు. సాయంత్రం 5 గంటల ప్రాంతంలో మళ్లీ అంటుకుంది. పార్కింగ్‌లోని కార్లు కాలాయి, పొగ మెట్లదారి గుండా బాల్కనీకి చేరింది. 59 మంది చనిపోయారు. వాళ్ల ప్రాణం తీసింది మంట కాదు, పొగ.

ఇప్పుడు లోపల ఏం జరిగిందో చూడండి. మైకులో హెచ్చరిక లేదు. ఎమర్జెన్సీ లైట్లు లేవు. అదనపు సీట్లు వేయడంతో బాల్కనీ కుడివైపు నడవ మూసుకుపోయింది. అటువైపు బయటికెళ్లే దారిలో ఫ్యామిలీ బాక్స్ కట్టారు. బాల్కనీ తలుపుకు గడియ వేసి ఉంది.

గుంపులో మొదట పాకేది నిర్లిప్తత. 1968లో అమెరికాలో లతానే, డార్లీ చేసిన ప్రయోగంలో గదిలోకి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవారిలో 75 శాతం మంది బయటికొచ్చి చెప్పారు. పక్కన ఇద్దరు చలించకుండా కూర్చుంటే చెప్పినవారు 10 శాతమే. అలా విలువైన నిమిషాలు పోతాయి. తర్వాత అందరూ ఒకేసారి, తాము వచ్చిన తలుపు వైపే కదులుతారు. గరాటులో బియ్యం పోస్తే మూతి దగ్గర ఒకదానికొకటి అడ్డుపడి ఆగిపోతాయి కదా, ఇరుకు తలుపు దగ్గర జనం స్థితీ అదే. ముందు తలుపు మూసి ఉందని వెనకవాళ్లకు తెలియదు. నెడతారు. దాన్నే మనం ‘భయాందోళన’ అంటున్నాం.

బాధిత కుటుంబాలు సంఘంగా ఏర్పడి పోరాడితే, యజమానుల నేరాన్ని సుప్రీంకోర్టు ఖరారు చేసింది 2014లో. జవాబులో దీంతోపాటు 12వ షెడ్యూల్‌లో అగ్నిమాపక సేవలు ఉన్నాయని, జనసమూహ నిర్వహణపై ఎన్‌డీఎంఏ 2014లోనే మార్గదర్శిని ఇచ్చిందని రాయండి.

అయితే ఇది మార్కులతో ముగిసే విషయం కాదు. 2019 మే 24న సూరత్‌లో పైఅంతస్తు కోచింగ్ సెంటర్‌లో మంటలకు 22 మంది విద్యార్థులు బలయ్యారు. 2023 జూన్‌లో ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో మనలాంటి అభ్యర్థులే కిటికీల్లోంచి తాళ్లు పట్టుకుని దిగారు.

నేను చదువుకునే రీడింగ్ రూమ్‌లో రెండో మెట్లదారి నిండా పాత కుర్చీలే. అడిగితే, ‘అటు ఎవరూ వెళ్లరు కదండీ’ అన్నారు. మళ్లీ అడుగుతాను. ఈరోజు మీరు కూడా మీ స్టడీ హాల్లో రెండో తలుపు ఎక్కడుందో చూడండి. తాళం ఉంటే, తీయమని అడగండి.