నెల సౌదా ఎక్కడ చవక? విజయవాడలో ధరలు పోల్చి చూసే పద్ధతి

విజయవాడలో నెల సౌదాకు ఇప్పుడు చాలా దారులున్నాయి. డీమార్ట్ లాంటి డిస్కౌంట్ స్టోర్లు, రిలయన్స్ స్మార్ట్, మోర్ లాంటి సూపర్‌మార్కెట్లు, వన్‌టౌన్ కిరాణా షాపులు, కూరగాయలకు రైతుబజార్లు. రంజాన్ దగ్గర పడేసరికి ప్రతి ఇంట్లోనూ ఇదే లెక్క: ఎక్కడ కొంటే నాలుగు రూపాయలు మిగులుతాయి?

డీమార్ట్ 2002లో ముంబయిలోని పవయిలో మొదలైంది. ఎక్కువ షాపులు సొంత స్థలాల్లో ఉండటంతో అద్దె భారం తక్కువ. సరఫరాదారులకు డబ్బు త్వరగా కట్టి రేటు తగ్గించుకుంటుంది. ఏడాది పొడవునా ఎమ్మార్పీ కంటే తక్కువకు అమ్మడం దాని పద్ధతి. మామూలు సూపర్‌మార్కెట్లలో తగ్గింపు ఎక్కువగా పండగలకు, వారాంతాలకు, కొన్ని బ్రాండ్లకే ఉంటుంది. అందుకే ఒక్క సరుకు చూసి షాపు చవకని అనుకోకూడదు. ఇంట్లో నెలనెలా వాడే పది పదిహేను సరుకులు చీటీ మీద రాసి, మొత్తం పోల్చాలి.

పోల్చేటప్పుడు అసలు చిక్కు తూకంలో ఉంది. లీటరు సన్‌ఫ్లవర్ నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. పక్కనే అదే సైజులో కనిపించే ప్యాకెట్ మీద 850 గ్రాములని ఉండొచ్చు. ఉదాహరణకు 910 గ్రాములది 145 రూపాయలు, 850 గ్రాములది 138 రూపాయలు అనుకుందాం. చూడటానికి రెండోదే చవక. కిలో లెక్కన మొదటిది 159 రూపాయలు, రెండోది 162 పైమాటే! ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకో కిలోకో ధర కూడా ముద్రిస్తున్నారు. కానీ అది ఎమ్మార్పీని బట్టి వేసిన లెక్క. షాపువాళ్లు తగ్గించి ఇచ్చిన ధరకు మళ్లీ మనమే ఫోన్‌లో లెక్క కట్టుకోవాలి.

బియ్యం బస్తాల సంగతీ అంతే. 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాకింగ్ బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడింది. ఆ తర్వాతే 26 కిలోల బస్తాలు మార్కెట్లో నిండిపోయాయి. 25 కిలోల బస్తా 1,400, 26 కిలోలది 1,430 అయితే రెండోదే కిలోకు రూపాయి తక్కువ. విడిగా తూచి ఇచ్చే బియ్యం, పప్పులకు ఈ పన్ను లేదు. కందిపప్పు కిరాణాలో లూజుగా కొంటే కొన్నిసార్లు కలిసొచ్చేది ఇందుకే. నాణ్యత మాత్రం చేత్తో పట్టి చూసుకోవాలి.

షీర్ ఖుర్మాకు కొనే జీడిపప్పులో ధర కంటే ముందు గ్రేడ్ అడగాలి. 240 రకం గుండ్లు పెద్దవి, 320 రకం చిన్నవి, బద్దలు ఇంకా చవక. పాలలో ఉడికించేదానికి బద్దలు చాలు. బిర్యానీ బాస్మతిలోనూ అంతే, పొడవు గింజకూ నూకకూ మధ్య ధరలో చాలా తేడా ఉంటుంది. ఒకే బ్రాండ్ పేరు చూసి రెండు షాపుల ధరలు పోలిస్తే లెక్క తప్పుతుంది. ఖర్జూరం డబ్బా అరకిలో అనుకుని కొంటాం గానీ, లోపల తూకం ఎంతో అంచున రాసి ఉంటుంది. అది చదవాలి.

కూరగాయలకు మాత్రం రైతుబజారే. 1999 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ బజార్లలో ఆ రోజు ధరలు బోర్డు మీద రాస్తారు. మాల్‌కు వెళ్లే ముందు ఆ బోర్డు చూస్తే ఉల్లి, టమాటా ధర ఎంతుండాలో తెలుస్తుంది.

రానూపోనూ ఆటో చార్జీ కూడా సౌదాలో భాగమే. భవానీపురం నుంచో సింగ్‌నగర్ నుంచో వెళ్లి రెండు వందల సరుకులు తెస్తే మిగిలేదేమీ ఉండదు. చీటీలో లేనివి బుట్టలో పడటం ఇంకో ఖర్చు. రోజు కూలీ మీద బతికే ఇంటికైతే వీధి కిరాణా ఖాతా పుస్తకం విలువ వేరు. రెండు రూపాయలు ఎక్కువైనా జీతం వచ్చేదాకా సరుకు ఆగదు, ఆ వెసులుబాటు మాల్‌లో దొరకదు. ఖాతా ఉన్న ఇళ్లవాళ్లు నూనె, సబ్బులు, డిటర్జెంట్ లాంటివి మాత్రం నెలకోసారి డిస్కౌంట్ స్టోర్‌లో తెచ్చుకుని, మిగతావి వీధిలోనే కొనుక్కోవచ్చు.

కౌంటర్ దగ్గర బిల్లు అక్కడే చదువుకోవాలి. ర్యాక్ మీద ఒక ధర, బిల్లులో ఇంకో ధర పడితే అప్పుడే అడగాలి. ఎమ్మార్పీ మించి వసూలు చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వొచ్చు. బిల్లు పారేయకూడదు.