మోటారు తీగలలో చిన్న వస్తువులు: కండెన్సరు మొదలు డయోడు దాకా

వీధిలో మోటారు వాహనం సాగిపోతూ ఉండగా ఇంటిలోని రేడియోలో గరగరమని శబ్దం పుట్టడం మధ్యతరంగ ప్రసారాలు వినే కుటుంబాలకు పరిచితమైన విషయమే. వాహనం దూరమైన కొలదీ ఆ శబ్దం సన్నగిల్లుతుంది. కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లో వెలసినది. దాని ప్రసారాలు వినే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల శ్రోతలకు ఈ గరగర తమ రేడియో లోపమని తోచవచ్చును. లోపం రేడియోది కాదు. రోడ్డు మీద పోయే ఇంజనుది.

1887–88లో జర్మనీ శాస్త్రజ్ఞుడు హైన్రిక్ హెర్ట్జ్ రేడియో తరంగాలను పుట్టించినది ఇండక్షన్ కాయిలు నుండి ఎగసిన నిప్పురవ్వతోనే. పెట్రోలు ఇంజనులో ప్లగ్గు మొన వద్ద ఎగసేది కూడ ఆ జాతి రవ్వయే. కనుక ప్రతి పెట్రోలు వాహనమూ ఎవరి అనుమతీ పొందని ఒక చిన్న ప్రసారకేంద్రమని చెప్పవచ్చును. ఆ రవ్వను ఇంజనుకు కావలసినంత మేరకు ఉంచి, దాని దుడుకును అణచడానికి జరిగిన ప్రయత్నంలోనే, మోటారు తీగల నడుమ చిన్న చిన్న విద్యుత్ భాగాలను చేర్చే విద్య పెంపొందినది. ఆ విద్య చరిత్రను, అందులోని మర్మాన్ని ఈ ప్రసంగంలో మేము మనవి చేయదలచినాము.

ఈ కథతో మన ప్రాంతానికి గల సంబంధాన్ని మొదట చెప్పవలసి ఉన్నది. మద్రాసు నుండి వచ్చిన రైలుమార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసినది. అది మన జిల్లాలో ఎర్రగుంట్ల, ముద్దనూరుల మీదుగా పోయినదే కాని, ఈ మూడు పట్టణాలను తాకలేదు. నంద్యాల–ఎర్రగుంట్ల మార్గం పూర్తి అయి ప్రొద్దుటూరుకు, జమ్మలమడుగుకు రైలు వచ్చినది 2016లో. పులివెందులకు నేటికీ రైలు లేదు. ప్రత్తి బేళ్లు గాని, ఎర్రగుంట్ల నాపరాళ్లు గాని, జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రికి పోయే రోగులు గాని, ఊరు దాటడానికి దశాబ్దాల తరబడి బస్సునో లారీనో నమ్ముకొనవలసి వచ్చినది. అటువంటి చోట రాత్రివేళ దారిలో బండి ఆగిపోతే అది కేవలం యంత్రానికి కలిగిన అవాంతరం కాదు. మనిషికి కలిగిన ఆపద.

కాయిలులో ప్రవహించే విద్యుత్తును తటాలున తెంచితే అది ఊరకుండదు. తెగిన చోటనే మంటవలె దుముకుతుంది. ఆ దూకుడును తనలో ఇముడ్చుకొనగల కండెన్సరును ఇండక్షన్ కాయిలుకు 1853లో జతపరచినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫిజో. అరువది ఏండ్లు తిరుగకముందే అదే సూత్రం మోటారులో ప్రవేశించినది. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ పద్ధతిని 1910 నమూనా కాడిలాక్ కార్లలో అమర్చినారు. మన మెకానిక్కులు ప్లాటినం పాయింట్లని పిలిచే భాగానికి ప్రక్కనే, చిటికెనవ్రేలంత రేకు డబ్బీ ఒకటి, ఒకే తీగతో ఉండేది. అదే కండెన్సరు. అది చెడితే పాయింట్లు కాలిపోతాయి, రవ్వ బలహీనపడుతుంది, బండి నిలిచిపోతుంది. మొత్తం వాహనంలో అతి చవుకైన వస్తువులలో అది ఒకటి. దాని లోహపు ఒడలు ఇంజనుకు గట్టిగా అంటుకొని ఉండాలి. మరను సరిగా బిగించకపోతే కొత్త కండెన్సరు కూడ పాతదానివలెనే పనిచేయదు. వస్తువు మంచిదైతే చాలదు, దానిని కూర్చిన తీరు కూడ మంచిదై ఉండవలెనని మోటారు తీగల చరిత్ర నేర్పిన మొదటి పాఠం ఇదే.

1930లో గాల్విన్ సంస్థ మోటరోలా అనే పేరుతో కారు రేడియోను అమ్మకానికి తెచ్చినది. అంతవరకు వీధిలో పోయేవారి చెవికి మాత్రమే సోకే గరగర ఇప్పుడు కారు యజమాని చెవికే సోకినది. ప్లగ్గు తీగలలో కొన్ని వేల ఓముల నిరోధకాలు, డైనమోకు కండెన్సర్లు చేర్చి ఆ ధ్వనిని అణచినారు. అవి ఎంత దగ్గరగా, ఎంత పొట్టి తీగతో చేర్చితే అంత ఫలం. రవ్వ పుట్టిన చోటనే దానిని పట్టవలెను. తీగ వెంట పారిన తరువాత పట్టడం కష్టం.

మన పట్టణాలలో లారీల అడ్డాల వద్ద కనిపించే ‘సెల్ఫ్, డైనమో పనులు చేయబడును’ అనే బోర్డులోని మాటలలో కూడ చరిత్ర ఇమిడి ఉన్నది. సెల్ఫ్ అనగా 1912 కాడిలాక్‌లో కెటరింగ్ చేర్చిన విద్యుత్ స్టార్టరు. డైనమో మాత్రం నేడు పేరుకే మిగిలినది. 1960లో క్రైస్లర్ సంస్థ వాలియంట్ కారుతో ఆల్టర్నేటరును ప్రవేశపెట్టిన తరువాత డైనమోకు కాలం చెల్లుతూ వచ్చినది. మనకు సమీపాన మద్రాసు పాడిలో వాహనాల విద్యుత్ పరికరాలు చేయడానికి లూకాస్ – టి.వి.యస్. సంస్థ 1961లో ఏర్పడినది. ఆల్టర్నేటరును సాధ్యపరచినది సిలికాన్ డయోడు. విద్యుత్తును ఒక దిక్కునకే పోనిచ్చి, వెనుకకు రానీయని ద్వారపాలకుడది. సాధారణంగా ఆరు డయోడులు కలిసి, అటునిటు ఊగే విద్యుత్తును ఒకే దిక్కునకు మళ్లించి బ్యాటరీకి అందజేస్తవి. ఇంజను ఆగినప్పుడు బ్యాటరీ విద్యుత్తు వెనుకకు పారకుండ అడ్డగిస్తవి. ఒకప్పుడు కటౌటు అనే పరికరం చేసిన కాపలా ఇప్పుడు శనగగింజంత సిలికాన్ ముక్కకు సంక్రమించినది.

ఆ డయోడునే హారన్ రిలే కాయిలుకు అడ్డంగా చేర్చితే, స్విచ్చి విడిచినప్పుడు ఎగసే దూకుడును అది మ్రింగివేస్తుంది. ఒక ఆంపియరు తాళగల 1ఎన్ 4007 రకం డయోడు మీద ఒక చివర వెండిరంగు గీత ఉంటుంది. ఈ పనిలో ఆ గీత గల చివర కాయిలు ధన విద్యుత్ కొసకు తగులవలెను. తారుమారైతే డయోడే దగ్గరదారి అయి ఫ్యూజు పోతుంది. ఫ్యూజు లేనిచోట తీగ కాలుతుంది.

1962లో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రని వెలుగునిచ్చే డయోడును చేసి చూపినాడు. దాని సంతతియే నేటి ఎల్.ఇ.డి. దీపాలు. పాత ఇండికేటరు బల్బు 21 వాట్లది. 12 వోల్టుల బండిలో ఒకటిముప్పావు ఆంపియరు తీసుకొంటుంది. దాని స్థానే ఎల్.ఇ.డి. పెట్టితే విద్యుత్తు అతి స్వల్పంగా పారుతుంది. పాత ఫ్లాషరు బల్బు మాడినదని భ్రమించి వేగంగా కొట్టుకొంటుంది, లేదా కదలక నిలిచిపోతుంది. కొందరు 6 ఓముల నిరోధకం చేర్చి దానిని మభ్యపెట్టుతారు. ఆ నిరోధకం 24 వాట్ల వేడిని కక్కుతుంది. దానిని తీగల కట్టలో దాచి టేపు చుట్టడమంటే నిప్పును మూట కట్టడమే. లోహపు పలకకు బిగించి గాలి తగులనీయవలెను. అంతకన్న మేలైనది ఎల్.ఇ.డి.కి తగిన ఫ్లాషరును మార్చడం.

ఇక పొందికగా చేర్చే విషయం. ప్రొద్దుటూరు బంగారపు వ్యాపారానికి పేరొందిన ఊరు. అతుకు కనిపించకుండ, వీడకుండ ఉండాలంటే లోహం శుభ్రంగా ఉండవలెనని, వెలిగారం తగు మాత్రమే పడవలెనని కంసాలికి తెలుసును. తీగకు టంకం వేసేవారికి కూడ ఇదే నియమం. పాత్రలకు మాట్లు వేసే ఆమ్లాన్ని తీగకు వాడితే అది క్రమంగా రాగిని తినివేస్తుంది. టంకం పీల్చిన తీగ గట్టిపడి, అది ముగిసిన చోట కుదుపులకు విరుగుతుంది గనుక ఆ చోటు దాటేవరకు వేడికి ముడుచుకొనే గొట్టం తొడిగి, తీగల కట్టకు కట్టివేయవలెను. డయోడు కాళ్లను దాని ఒంటికి ఆనించి వంచరాదు. కాయిలుకు చేర్చేది కాయిలు ప్రక్కనే ఉండవలెను. ఎండలు నలుబది డిగ్రీలు దాటే సీమలో, రేగడి దుమ్ములో, నాపరాళ్ల లారీల కుదుపులో, పైపైన మెలివేసి టేపు చుట్టిన అతుకు ఎక్కువ కాలం నిలువదు.

2017 ఏప్రిల్ నుండి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజను నడిచినంతసేపు ముందు దీపం వెలిగే ఏర్పాటు నిర్బంధమైనది. 2020 ఏప్రిల్‌లో బి.యస్. 6 ప్రమాణాలు వచ్చిన పిమ్మట చిన్న మోటారుసైకిలుకు కూడ ఇంధనాన్ని కొలిచి ఇచ్చే ఎలక్ట్రానిక్ మెదడు సామాన్యమైనది. నాడు పాయింట్లను కాల్చి ఊరుకొన్న దూకుడు నేడు ఆ మెదడునే చెరుపగలదు. పనివాని బాధ్యత తగ్గలేదు, పెరిగినది.

కనుక బండికి కొత్త దీపమో హారనో పెట్టించే గృహస్థులు పనివానిని మూడు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి. ఈ తీగకు ఫ్యూజు ఎక్కడ ఉన్నది? వేడెక్కే వస్తువును ఎక్కడ బిగించినారు? రేపు మరియొక ఊరిలో మరియొకరు దీనిని విప్పవలసి వస్తే గుర్తు పట్టగలరా? మూడవ ప్రశ్నకు సమాధానంగా ఒక కాగితం మీద తీగల పటం గీసి బండిలో ఉంచడం మంచి పద్ధతి. ఏ అర్ధరాత్రి ముద్దనూరు దాటిన తరువాత బండి ఆగినా, ఆ కాగితం టార్చిలైటు వెలుగులో పని చేసే అపరిచితునికి దారి చూపుతుంది.